జీడి తినేసిన ముద్రలు: పలు స్కాన్‌లు కలిపి హాజరు నిలబెట్టిన ఒక కేసు

వేలిముద్రతో నడిచే హాజరు మిషన్లు బిగించడం, అవి మొరాయిస్తే వెళ్లి చూడటం నా పని. ఈ కేసు ఉత్తరాంధ్రలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీది. ఊరు, యజమాని, మిషన్ తయారీదారు పేర్లు తీసేశాను. ఎవరినీ గుర్తుపట్టే వీల్లేకుండా కొన్ని వివరాలు మార్చాను. "వేలు పడకపోతే నాలుగైదు స్కాన్‌లు తీసి కలిపెయ్, అదే పడుతుంది" అనే సలహా మా రంగంలో అందరి నోటా ఉంటుంది. ఏ స్కాన్‌లు కలపాలి, ఏ దశలో కలపాలి, కలిపాక ఇంకేం మారుతుంది అని అడిగితే మాత్రం జవాబు ఉండదు. ఇది రాయడానికి కారణం అదే.

నేపథ్యం

పలాస, కాశీబుగ్గ వైపు జీడి పని చూసినవాళ్లకు క్రమం చెప్పక్కర్లేదు. పిక్కల్ని ఆవిరి మీద ఉడికించి, ఆరబెట్టి, కట్టర్ మీద పెంకు పగలగొట్టి పప్పు తీస్తారు. ఆ పప్పును వేడి గదిలో ఆరనిచ్చి, పొట్టు ఒలిచి, గ్రేడింగ్ చేస్తారు. పెంకులోని జీడి నూనె చర్మాన్ని కాలుస్తుంది. అందులోని అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అంటుకున్న చోట చర్మం నల్లబడి, బొబ్బలెక్కి, పొరలు పొరలుగా ఊడిపోతుంది. అందుకే చేతులకు ఆముదమో బూడిదో రాసుకుని పనిలోకి దిగుతారు. గ్లౌజులు ఇస్తారు గానీ, వేసుకుంటే పప్పు చేతికి తెలియదు. గుండు, అంటే నిండు పప్పు, విరిగి బద్దయితే ధర పడిపోతుంది. కాసేపటికి గ్లౌజులు గోడ పక్కన ఉంటాయి.

ఫ్యాక్టరీలో రెండు వందల మంది దాకా ఉన్నారు, ఎక్కువమంది ఆడవాళ్లు. పెంకు కొట్టేవాళ్లకు కూలి కిలోల లెక్కనే అయినా, పీఎఫ్, ఈఎస్‌ఐ, బోనస్ అన్నీ మస్టరు, అంటే హాజరు పట్టీ, మీదే నడుస్తాయి. గేటు దగ్గర ఒక ఆప్టికల్ వేలిముద్ర మిషన్. కార్డూ నంబరూ ఏమీ లేవు, వేలు పెడితే చాలు, అందరి ముద్రల్లోనూ వెతికి పేరు చూపిస్తుంది.

సమస్య

సంక్రాంతి సెలవుల తర్వాత అందరి ముద్రలూ ఎక్కించారు. మొదట్లో బాగానే నడిచింది. పని ఊపందుకున్న కొద్దీ గేటు దగ్గర బారు పెరిగింది. థంబ్ పడనివాళ్ల పేర్లు మేస్త్రీ కాగితం మీద రాసుకునేవాడు. నెలాఖరుకు కాగితం ఒకటి చెప్పేది, మిషన్ ఒకటి చెప్పేది, తేడా వచ్చిన చోట సగం పూట కోత పడేది. నన్ను పిలిచింది యజమాని. "మిషన్ పాడైంది, కొత్తది పెట్టండి" అన్నారు.

మిషన్ మార్చే ముందు, ఎవరికి పడటం లేదో విభాగాల వారీగా రాయించాను. గ్రేడింగ్ వాళ్లకు దాదాపు ఇబ్బంది లేదు. పొట్టు తీసేవాళ్లకు అప్పుడప్పుడు. పెంకు కొట్టే విభాగంలో మాత్రం సగానికి సగం మంది బాధితులే. మిషన్ పాడైతే అందరినీ ఒకేలా తిప్పి పంపాలి కదా. ఇది వేళ్ల సంగతి అని అక్కడే తేలిపోయింది.

రెండో ఆధారం పెంకు కొట్టే ఒక పెద్దావిడ ఇచ్చింది. "పొద్దుట ఎంత అదిమినా పడదు బాబూ. అన్నం తిని సెయ్యి కడిగొచ్చి పెడితే టక్కున పడిపోతాది" అంది. పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి అరిగిన ముద్ర తిరిగి మొలవదు. అంటే గీతలు ఉన్నాయి, పొద్దున అద్దానికి అంటడం లేదు. ఆప్టికల్ స్కానర్‌లో గీత గాజుకు నిజంగా తగిలిన చోటే నల్లగా వస్తుంది. ఎండిపోయిన చర్మంలో ఆ తాకిడి అక్కడక్కడే ఉంటుంది కాబట్టి గీత చుక్కలు చుక్కలుగా తెగి కనిపిస్తుంది. బూడిద రాసుకున్న చేతికి ఈ బాధ రెండింతలు.

500 డీపీఐ (అంగుళానికి 500 చుక్కలు) యూఎస్‌బీ స్కానర్ తీసుకెళ్లి, కొందరి వేళ్లు ల్యాప్‌టాప్ తెర మీద చూశాను. ఆ పెద్దావిడ కుడి బొటనవేలిలో మధ్యన చింతగింజంత మేర ఒక్క గీత లేదు, తెల్లటి మచ్చ. దానికి ఎడమ పక్కన గీతలున్నాయి గానీ ముక్కలు ముక్కలు. గోరు వైపు పైభాగం మాత్రం చెక్కుచెదరలేదు. చేయి కడిగించి మళ్లీ తీస్తే ఎడమ పక్క గీతలు అతుక్కున్నాయి, మధ్య మచ్చ మచ్చలాగే ఉంది. అంటే ఒకే వేలిలో రెండు రోగాలు. ఒకటి ఎండటం, గంటల్లో మారుతుంది. రెండోది అరుగుదల, వారాల్లో మారుతుంది. తర్వాత తీసుకున్న నిర్ణయాలన్నీ ఈ విభజన మీదే నిలబడ్డాయి.

1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో బ్రిటిష్ అధికారి విలియం హెర్షెల్ కాంట్రాక్టు కాగితం మీద అరచేతి ముద్ర వేయించుకున్న కాలం నుంచీ, ముద్ర జీవితాంతం మారదనే నమ్మకం మీదే ఈ విద్య అంతా నడుస్తోంది. అది అబద్ధం కాదు. గీతల అచ్చు చర్మం లోపలి పొరలో ఉంటుంది, పైపొర ఊడినా అదే నమూనా తిరిగి వస్తుంది. కానీ స్కానర్ చూసేది పైపొరనే. సెలవుల తర్వాత ఎక్కించిన ముద్రలు మిషన్ దృష్టిలో మేలైనవి. పని రోజుల్లో ఆ వేళ్లు అలా ఉండవు, అంతే.

చేసి చూసినవి, పనిచేయనివి

నేను వెళ్లేసరికే మిషన్ కంపెనీ టెక్నీషియన్ ఒక వైద్యం చేసి ఉన్నాడు. సరిపోలడానికి కావాల్సిన స్కోరు హద్దును కిందికి దించాడు. బారు తగ్గింది. కానీ ఒకావిడ వేలు పెడితే ఇంకొకావిడ పేరు తెర మీదకొచ్చింది. లెక్క చూస్తే ఆశ్చర్యమేమీ లేదు. ఒక్కో పోలికలో తప్పు పడే అవకాశం 10,000లో 1 అనుకుందాం. 200 మందిలో వెతికితే ప్రతి వేలికీ 2 శాతం దాకా ముప్పు. ఒక్కొక్కరికి 5 ముద్రలు దాచి, 1,000 పోలికలు జరిపితే అది 10 శాతానికి దగ్గరవుతుంది. స్కాన్‌ల సంఖ్య పెంచే ఏ పద్ధతినైనా ఈ లెక్క వెంటాడుతుంది.

అందుకని మొదట చేసిన మార్పు స్కాన్‌లకు సంబంధించింది కాదు. అందరికీ నంబరు కార్డులు ఇచ్చాం. కార్డు చూపించి వేలు పెట్టాలి. మిషన్ ఆ ఒక్కరి ముద్రతోనే పోల్చాలి. ఇది లేకుండా మిగతా ఏది చేసినా ఇసుక మీద గోడే.

తర్వాత అందరూ చెప్పే సలహాను పాటించాం. ఒక్కో వేలికి పలు స్కాన్‌లు ఎక్కించి, వచ్చిన వేలిని అన్నింటితో పోల్చి, ఎక్కువ స్కోరునే లెక్కలోకి తీసుకోవడం. కొంచెం మేలు కనిపించి అక్కడే ఆగిపోయింది. కారణం బొమ్మలు పక్కపక్కన పెడితే తెలిసింది. స్కాన్‌లన్నీ మనిషిని నిలబెట్టి వరసగా తీసినవి. అదే మధ్యాహ్నం, అదే తడి, అదే ఒత్తిడి, అదే మచ్చ. ఐదు బొమ్మలున్నాయి, సమాచారం ఒక బొమ్మదే.

బొమ్మలనే కలిపేద్దామన్న ఆలోచన అందరికీ వస్తుంది. నాకూ వచ్చింది. ఫొటోల్లో మసక పోగొట్టడానికి సగటు తీస్తాం కదా, ఇక్కడా తీస్తే? వేలు ఫొటో కాదు, సాగుతుంది. 500 డీపీఐలో పక్కపక్క గీతల మధ్య దూరం సుమారు 9 పిక్సెళ్లు, అంటే అర మిల్లీమీటరు లోపు. కాస్త గట్టిగా అదిమినా, పక్కకు తిప్పి పెట్టినా చర్మం అందులో సగం జరగడం ఎంత పని? రెండు దువ్వెనల్ని ఒకదానిపై ఒకటి పెట్టి కొంచెం జరిపితే సందులు పూడిపోయినట్టు, ఒక బొమ్మ గీత ఇంకో బొమ్మ సందులో పడి రెండూ బూడిద రంగులో కలిసిపోయాయి. వేలి మధ్యలో సరిగ్గా కుదిరిన బొమ్మ అంచుల దగ్గర చెదిరిపోయేది.

సగటు కాకుండా ముక్కలు అతికించడం ఇంకో దారి. వేలి పైభాగం ఒక స్కాన్‌లోంచి, కుడి పక్క ఇంకో స్కాన్‌లోంచి తీసుకుని పెద్ద ముద్ర తయారుచేయడం. చిన్న సెన్సర్ల కోసం పరిశోధకులు అనిల్ జైన్, అరుణ్ రాస్ 2002లో ఈ పద్ధతి మీద పరిశోధన ప్రచురించారు. సెన్సర్ చిన్నదై, వేలు బాగున్నప్పుడు ఇది మంచి పద్ధతే. మా సమస్య తలకిందులు. సెన్సర్ చాలినంత ఉంది, వేలే బాగాలేదు. అతుకు పడిన చోటల్లా గీతలు ఒక వెంట్రుకవాసి తప్పి కలవడంతో లేని చీలికలు, లేని ముగింపులు పుట్టుకొచ్చాయి. పోల్చే ప్రోగ్రాం చూసేది వాటినే. గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది, ఏ దిశలో ఉంది, ఇవే దానికి ముద్ర. ఆ బిందువుల్ని మినూషియా అంటాం.

పనిచేసింది

కలపాల్సింది బొమ్మల్ని కాదు, బిందువుల్ని అని అక్కడ తేలింది. బిందువు రెండు మూడు పిక్సెళ్లు జరిగినా బిందువే. చర్మం సాగుదలను కొంత హద్దు పెట్టి ఓర్చుకోవచ్చు.

హాజరు మిషన్ బొమ్మలు బయటికి ఇవ్వదు. అందుకని యూఎస్‌బీ స్కానర్ బొమ్మల మీద అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఉచితంగా ఇచ్చే ఎన్‌బీఐఎస్ అనే వేలిముద్రల సాఫ్ట్‌వేర్‌తో పని మొదలుపెట్టాను. అందులో మైండ్‌టీసీటీ బిందువులు తీస్తుంది, బొజార్త్3 పోలుస్తుంది. బిందువులు మామూలు అక్షరాల ఫైలులో వరసకొకటి చొప్పున ఉంటాయి, మనం కలిపి రాసిన జాబితానూ బొజార్త్3 అభ్యంతరం లేకుండా తీసుకుంటుంది. నాకు కావాల్సింది అదే.

ముందు స్కాన్‌లు తీసే పద్ధతి మార్చాం. మనిషిని ఒకేసారి నిలబెట్టి కాకుండా, పని వారంలో వేర్వేరు వేళల్లో తీశాం. పొద్దున గేటు దగ్గర ఒకటి, భోజనం తర్వాత ఒకటి, సాయంత్రం చేతులు కడిగాక ఒకటి, వారం సెలవు మర్నాడు ఒకటి. యజమానికి ఇది నచ్చలేదు. "ఒక్కసారే అందరివీ అన్నీ తీసేస్తే పని ఆగదు కదా" అన్నారు. వరసగా తీసిన బొమ్మల్ని, వేర్వేరు వేళల బొమ్మల్ని తెర మీద పక్కపక్కన చూపించాక ఒప్పుకున్నారు.

కలపడంలో అసలు చిక్కు, ఏ బిందువు నిజమైనదో తేల్చడం. అన్నీ ఉంచేద్దామంటే కుదరదు. ఎండిన వేలిలో ఒక గీత తెగిన ప్రతిచోటా రెండు దొంగ ముగింపులు పుడతాయి. అలాంటి స్కాన్‌లు నాలుగు కలిపితే జాబితా నిండా దొంగలే. సగానికి పైగా స్కాన్‌లలో కనిపించినవే ఉంచుదామంటే ఇంకో రకం దెబ్బ. అన్ని స్కాన్‌లలోనూ పడే మధ్యభాగం మిగిలి, అంచులు ఎగిరిపోయాయి. వేలి కొన మాత్రమే ఆనించే అలవాటున్నవాళ్లకు పరిస్థితి ముందుకన్నా దిగజారింది. పైగా మధ్యభాగమే కదా ఎక్కువ అరిగేది.

దారి దొరికింది హారం దగ్గర. ఒక బిందువు ఎన్ని స్కాన్‌లలో కనిపించిందన్నది లవం. హారంగా మొత్తం స్కాన్‌ల సంఖ్యను కాక, ఆ చోటు స్పష్టంగా పడిన స్కాన్‌ల సంఖ్యనే తీసుకున్నాను. మచ్చ ఉన్న చోట, తడి లేక తెగిపోయిన చోట, వేలే ఆనని చోట ఆ స్కాన్‌కు ఓటు లేదు. మైండ్‌టీసీటీ బొమ్మను చిన్న గడులుగా విడగొట్టి ఒక్కో గడికీ నాణ్యత మార్కు ఇస్తుంది, ఓటు ఉందా లేదా అన్నది దాన్నిబట్టే. మూడు స్కాన్‌లు స్పష్టంగా చూసి ఒక్కటే చూపిన బిందువును తీసేశాను. రెండు చూసి రెండూ చూపిన బిందువు నాలుగింటిలో సగమే అయినా ఉంచాను. ఒకే స్కాన్ చూసి చూపిన బిందువుకు నాణ్యత బాగుంటేనే చోటిచ్చాను, అదీ తక్కువ బరువుతో.

కలిపే ముందు రెండు జాగ్రత్తలు. ఆధారంగా ఏ స్కాన్‌ను పెట్టుకోవాలన్నది ఒకటి. అందంగా కనిపించేదాన్ని కాకుండా, మిగతా వాటితో సగటున ఎక్కువ స్కోరు తెచ్చుకున్నదాన్ని ఎంచాను. ఉముత్ ఉలుదాగ్, రాస్, జైన్ 2004లో ముద్రల ఎంపిక మీద రాసినదాంట్లో ఈ రకం ఎంపిక ఉంది. రెండోది, మిగతా వాటిలో కనీసం ఒకదానితోనైనా గట్టిగా కలవని స్కాన్‌ను పక్కన పెట్టడం. ఉంగరపు వేలు అడిగితే మధ్యవేలు పెట్టినవాళ్లున్నారు. అలాంటిది ఒకటి కలిసిందా, ఆ ముద్ర రెండు వేళ్లకు తలుపు తీస్తుంది.

వేళ్ల ఎంపికా మార్చాం. అందరూ అలవాటుగా బొటనవేలే చాస్తారు. పెంకు పనిలో పిక్కను, పప్పును పట్టుకునేవి బొటనవేలు, చూపుడు వేలు, అరిగేవీ అవే. ఉంగరపు వేలు చాలామందికి ముద్రతో సహా బతికి ఉంది. రెండు వేళ్లు తీసుకుని స్కోర్లు కూడదామనుకున్నాం. ఒకే చేతివి రెండు తీసుకుంటే రెండూ ఒకేసారి చెడతాయి కాబట్టి, కుడి చేతి ఉంగరపు వేలు, ఎడమ చేతిదొకటి ఎంచాం. ఆధార్ నడిపే సంస్థ ఉడాయ్ 2012లో విడుదల చేసిన వేలిముద్రల అధ్యయనంలోనూ ఇదే దిశ కనిపిస్తుంది. ఒకే మంచి వేలితో ఒక్క ప్రయత్నంలో 93.5 శాతం మంది, అదే వేలితో మూడు ప్రయత్నాల దాకా ఇస్తే 96.5 శాతం మంది నెగ్గారు. రెండు మంచి వేళ్లు వాడితే అది 99 శాతం దాటింది. అదే వేలిని మళ్లీ మళ్లీ అదమడం కన్నా ఇంకో వేలు అడగడమే ఎక్కువ ఇస్తుంది.

ఆఖరి పని హద్దు మళ్లీ కట్టడం. మా రంగంలో ఎక్కువమంది వదిలేసేది ఇదే. బొజార్త్3లో 40 దాటితే సాధారణంగా ఒకే వేలు అనే మాట వాడుకలో ఉంది. అది మామూలు స్కాన్‌ల మాట. కలిపిన ముద్రలో బిందువులు ఎక్కువ. బిందువులు ఎక్కువైతే ఇతరుల వేళ్లకూ యాదృచ్ఛికంగా కొన్ని కలుస్తాయి, పరాయి స్కోర్లూ పైకి జరుగుతాయి. పాత హద్దునే ఉంచితే ముద్ర మెరుగైనట్టు కనిపిస్తూనే కాపలా సడలుతుంది. అందుకని కలపడంలో వాడని కొన్ని స్కాన్‌లు ముందే పక్కన పెట్టి, వాటితో ఎవరి ముద్ర వారితోనూ, ప్రతి ఒక్కరిదీ మిగతా అందరితోనూ పోల్చి రెండు గుంపుల స్కోర్లు గీయించాను. 200 మందికి 19,900 జతలొస్తాయి. వాటిలో ఒక్క తప్పూ పడని హద్దు దొరికినా, తప్పు శాతం సున్నా అని చెప్పలేం. స్థూలంగా 3ని జతల సంఖ్యతో భాగించి, సుమారు 6,600లో 1 కన్నా తక్కువ అని మాత్రమే అనగలం. జతలు ఒకదానికొకటి పూర్తిగా స్వతంత్రం కావు కాబట్టి అదీ ఉదారమైన లెక్కే. కార్డు తోడున్న హాజరుకు ఇది చాలు. బీరువా తాళానికి చాలదు.

గేటు దగ్గర పాత మిషన్ బదులు చిన్న కంప్యూటర్, స్కానర్ పెట్టాం. పక్కన తడిగుడ్డ, గాజు తుడవడానికి పొడిగుడ్డ. ఎండిన వేలికి తడిగుడ్డ చేసే మేలు ఏ ప్రోగ్రామూ చేయదు, దాన్ని ముందు పెట్టి మిగిలినదానికే లెక్కలు కట్టాలి.

ఫలితం, మిగిలిపోయినవి

మేస్త్రీ కాగితం మీదికి వెళ్లే పేర్లు ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టేంతకు వచ్చాయి. పెంకు విభాగంలోనే మేలు ఎక్కువ. గ్రేడింగ్ వాళ్లకు ఏమీ మారలేదు, మారాల్సిన అవసరమూ లేదు. ఏ మార్పు ఎంత మేలు చేసిందో విడదీసి చూస్తే, రెండో వేలు చేర్చడం మొదటిది, వేర్వేరు వేళల్లో స్కాన్ తీయడం రెండోది. నేను ఎక్కువ తల బద్దలు కొట్టుకున్న ఓటు లెక్క మూడో స్థానంలో వచ్చింది. చిన్న ఫ్యాక్టరీ ఎవరైనా అడిగితే మొదటి రెండే చేయమంటాను, వాటికి ప్రోగ్రాం రాయక్కర్లేదు.

ఆ మిగిలిన కొద్దిమందికి ఏ వేలూ నమ్మకంగా పడదు. మొదట్లో నాకు దారి చూపిన పెద్దావిడ కూడా అందులో ఉంది. ఏళ్ల తరబడి జీడిలో నానిన చేతులు అవి. వాళ్ల కోసం హద్దు దించమని ఒత్తిడి వచ్చింది. దించితే అందరికీ దించినట్టే కాబట్టి ఒప్పుకోలేదు. కార్డు, దాని పక్కన మేస్త్రీ సంతకం వాళ్లకు పూర్తి హాజరని, మిషన్ పట్టలేదన్న కారణంతో ఎవరికీ కూలి కోయకూడదని యజమానితో కాగితం మీద రాయించాను. రేషన్ డిపోలో ఇదే వేళ్లు పడనప్పుడు కంటిపాప చూస్తారు. ఇక్కడ ఆ ఖర్చుకు ఆయన సిద్ధంగా లేరు.

బిందువులు కలపాలంటే అసలు బొమ్మలు దగ్గరుండాలి, అది చిన్న విషయం కాదు. ఆధార్‌తో దీనికి ఏ లంకే పెట్టలేదు. బొమ్మలు ఎందుకు తీస్తున్నామో తెలుగులో చదివి వినిపించి, ఒప్పుకున్నవాళ్లవే తీశాం. ఇద్దరు ఒప్పుకోలేదు, వాళ్లకూ కార్డు దారే. ముద్రలు తయారై పరీక్ష ముగిశాక బొమ్మలు చెరిపేశాం, బిందువుల జాబితా మాత్రమే తాళం వేసిన కంప్యూటర్‌లో ఉంది. దీనివల్ల ఓటు లెక్కలో రేపు ఏదైనా మార్చాలనిపిస్తే మళ్లీ స్కాన్‌లు తీయాల్సిందే. ఆ నష్టం తెలిసే చెరిపాం.

రోజూ నెగ్గిన స్కాన్‌తో ముద్రను దానంతటదే తాజా చేసుకునే ఏర్పాటు కూడా రాసి ఉంచాను. అరుగుదలతో పాటు ముద్రా నడుస్తుంది కాబట్టి అది ఆకర్షణీయమే. కానీ ఒక్క తప్పు మనిషి స్కాన్ లోపలికి జారితే, మర్నాడు ఆ మనిషికి ఇంకాస్త ఎక్కువ స్కోరు వస్తుంది, ఆ మర్నాడు ఇంకాస్త. బయటికి ఏమీ తెలియకుండానే ముద్ర చేతులు మారిపోతుంది. ప్రస్తుతానికి దాన్ని ఆపే ఉంచాను. సంక్రాంతి సెలవుల తర్వాత ఒకసారి, పని ముమ్మరంలో ఒకసారి, మేస్త్రీ ఎదురుగా పెంకు విభాగం వాళ్లవి మాత్రం కొత్త స్కాన్‌లు తీసి పాత జాబితాలో ఓటు వేయిస్తున్నాం.